పోటుగీత (14): ఆల్కె ఎవరు?

హిల్కె వీర్స్మా బతికి బయటపడ్డాడు గానీ, ఆయన మాట మాత్రం వేరే ఒడ్డుకు చేరింది. అంతవరకూ మీకు తెలుసు.

వాడెన్ సముద్రం అంచున కరకట్టల చరిత్ర చెప్పమంటే డోకుమ్ ఊళ్లో ఎవరైనా ఆయన ఇంటివైపే చెయ్యి చూపించేవారు. ఆ తీరం మీద పనిచేసేవాళ్లందరికీ, పక్షుల వాళ్లకీ, భాషల వాళ్లకీ, కట్టల ఇంజనీర్లకీ, బడి పంతుళ్లకీ, మూడు దేశాల్లోనూ నెలనెలా ఉచితంగా వెళ్లే ‘పోటుగీత’ అనే చిన్న సమాచార పత్రికను మొదలుపెట్టింది ఆయనే. ఈ వసంతంలో మెదడులో ఒక రక్తనాళం మూసుకుపోయి, ఒక చెయ్యి పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి ఆయన నోట డచ్ లేదు. భార్య రెన్స్కెతో పెళ్లినాటి నుంచీ మాట్లాడిన ఆ ప్రాంతపు భాష ఫ్రీజియన్ కూడా లేదు. మిగిలింది ఓస్టెర్‌ఓగ్ దీవిలో, చిన్నప్పుడు తల్లి ఒళ్లో నేర్చుకున్న దీవి భాష ఒక్కటే. ఆ తల్లి పోయాక దీవిలో కూడా ఆ భాష మాట్లాడేవాళ్లు లేరు. పోయినవారం ఆయన శిష్యురాలు అఫ్కె, ఇప్పుడు పత్రిక చూస్తున్నది ఆ అమ్మాయే, రెన్స్కెను అడక్కుండా తాజా సంచికలో, ఆ భాష తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఒక ప్రకటన వేసి అందరికీ పంపేసింది.

రెన్స్కెకు ఆ సంగతి రొట్టెల దుకాణంలో తెలిసింది.

“మీ ఆయనకి మన మాటే రావట్లేదటగా పాపం,” అంది దుకాణం ఆవిడ, పంచదార రొట్టె కాగితంలో చుడుతూ. “మా అల్లుడు చదివి చెప్పాడు. అతను బురద మీద పరిశోధన చేస్తాడు లెండి.”

రెన్స్కె రొట్టె తీసుకుంది. థాంక్స్ చెప్పింది. బయటికొచ్చి సైకిల్ ఎక్కింది. కాలవ గట్టు వెంట ఎదురుగాలిలో తొక్కుతూ తొక్కుతూ ఇల్లు చేరింది. సైకిల్‌ను గోడకు ఆనించలేదు, అలాగే పడేసింది.

ప్రతి శనివారం పొద్దున అఫ్కె వచ్చి హిల్కె దగ్గర కూర్చుంటుంది. ఆ కాస్త వ్యవధిలో రెన్స్కె బజారు పనులు చూసుకుంటుంది. ఇవాళ కూడా ఆయన ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. అఫ్కె వంటింట్లో కాఫీ కాస్తోంది.

“తలుపు మూయి,” అంది రెన్స్కె. ఆయనకు వినిపించకూడదని అన్నది. వినిపించినా అర్థం కాదని వెంటనే గుర్తొచ్చింది. దాంతో కోపం ఇంకా పెరిగింది. “నా మొగుడి జబ్బుని ఊరూరా పంచిపెట్టావా? అదీ ఉచితంగా?”

అఫ్కె ముఖం పాలిపోయింది. “పంచిపెట్టలేదండీ. సాయం అడిగాను.”

“ఎవర్ని? పక్షులు లెక్కపెట్టేవాళ్లనా? బురద తవ్వేవాళ్లనా?”

“వాళ్లంతా ఆయన మనుషులే కదండీ.”

“ఆయన మనిషిని నేను!” రెన్స్కె రొట్టెను బల్లమీద పెట్టలేదు, కొట్టింది. “ఆయన్ని లేపేది నేను, కూర్చోబెట్టేది నేను. గడ్డం గీసేది నేను. నన్ను అడగాలని నీకు అనిపించలేదా?”

“అనిపించింది. అడిగితే వద్దంటారని అడగలేదు.”

“వద్దనేదాన్నే!”

“అందుకే అడగలేదు.”

అంత నిజాయితీగా చెప్పాక కోప్పడేవాళ్లకి పట్టు దొరకదు. రెన్స్కె కుర్చీ లాక్కుని కూర్చుంది. అఫ్కె నిలబడే ఉంది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గానీ తల మాత్రం దించలేదు.

“మాట నేర్పే ఆవిడ చేతులెత్తేసింది,” అంది అఫ్కె. “ఆవిడ బొమ్మ చూపించి డచ్‌లో చెప్పమంటుంది. ఆయన దీవి భాషలో సరిగ్గానే చెప్తారు. అది సరిగ్గా చెప్పారో లేదో ఆవిడకి తెలీదు, నాకూ తెలీదు, మీకూ తెలీదు. నేను చదువుకునేటప్పుడు ఆయన ఏమనేవారో తెలుసా? తెలియనిది ఉంటే పోటుగీతలో అడుగు, సిగ్గుపడకు, ఈ సముద్రం చుట్టూ ఎవడో ఒకడికి తెలిసే ఉంటుంది అనేవారు. నేను ఆయన చెప్పిందే చేశాను.”

“అడిగావుగా. ఏమొచ్చింది?”

ఆ ప్రశ్నలో వెటకారం ఉంది. అఫ్కె దాన్ని పట్టించుకోకుండా ఫోన్ తీసింది. జవాబులు ఎన్ని వచ్చాయంటే, ఆమె ఇంకా పూర్తిగా చదవనేలేదు. రీబె నుంచి ఒక పక్షుల ఆయన, దీవివాళ్లు పక్షుల్ని ఏ పేరుతో పిలిచేవారో తనకు తెలిసినంత రాసి పంపాడు. హాంబర్గ్‌లో బళ్లో పాఠాలు చెప్పే ఒకావిడ, వాళ్ల తాతమ్మ దీవి నుంచి వచ్చిందనీ, తిట్లు మాత్రం కుటుంబంలో మిగిలాయనీ, పనికొస్తాయేమోనని పంపుతున్నాననీ రాసింది. ఆ మాట చదివినప్పుడు రెన్స్కె పెదవి చివర కొంచెం కదిలింది. వెంటనే బిగించుకుంది.

“ఇది వినండి,” అంది అఫ్కె. “దీవికి పడవ నడిపిన కెప్టెన్ అట. రిటైరయ్యారు. చిన్నప్పుడు ఎవరో ముసలమ్మ నేర్పిన పాటట, ఆడుకునేటప్పుడు పాడేది.”

ఫోన్‌లోంచి ఒక బొంగురు గొంతు వచ్చింది. రాగం పెద్దగా లేదు. మెట్టు మెట్టుగా దిగుతున్నట్టు నాలుగు మాటలు, మళ్లీ నాలుగు మాటలు. మూడో వరుస సగంలో ఆగిపోయి, “మిగతాది మర్చిపోయానమ్మా, క్షమించాలి,” అన్నాడు కెప్టెన్ డచ్‌లో.

మూసిన తలుపు అవతల, ముందుగదిలోంచి, ఆ మిగతా సగం వినిపించింది.

హిల్కె పాడుతున్నాడు. గొంతు నెమ్మదిగా, కానీ ఎక్కడా తడుముకోకుండా, మూడో వరుస పూర్తి చేసి, నాలుగో వరుస కూడా పాడి, చివర చిన్నపిల్లలు అరిచినట్టు “హోయ్” అని అరిచాడు.

రెన్స్కె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఆయన ఒక్క మాట కూడా చివరిదాకా పూర్తిచేయడం ఆమె వినలేదు. మొదలుపెట్టేవాడు, ఎదుటి ముఖం చూసేవాడు, ఆపేసేవాడు.

చెయ్యి దించి ఆమె అంది: “నాకు ఎందుకు వద్దో చెప్తాను విను. ఎవరికీ చెప్పకు.”

“చెప్పను.”

“రోజూ పొద్దున నేను జావ తెచ్చి పెడతాను కదా. ఒక చెంచా తింటాడు. తిని, నా చెయ్యి పట్టుకుని ‘ఆల్కె’ అంటాడు. నా కళ్లలోకి చూసి అంటాడు. ‘ఆల్కె... ఆల్కె’ అని బతిమాలినట్టు. రోజూ. ఆల్కె ఎవరు? ఆయనకి అక్కచెల్లెళ్లు లేరు. ఇన్నేళ్లలో ఆ పేరు నేను వినలేదు. ఆ భాష తెలిసినవాళ్లు ఎవరైనా ఈ ఇంటికొస్తే, ముందు నాకు తెలిసేది అదే. నాకు తెలుసుకోవాలని లేదమ్మా. ఈ వయసులో ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టగలను గానీ, ఆ ఆల్కెని మొయ్యలేను.”

అఫ్కె వచ్చి రెన్స్కె కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది.

“ఇంకో సంగతి కూడా ఉందండీ,” అంది చివరికి. “ఒకాయన వస్తున్నారు. రావొచ్చా అని అడగలేదు, వస్తున్నానని రాశారు. ఈపాటికి బస్సు దిగి ఉంటారు. దీవి భాష వచ్చిన మనిషి ఇక ఆయనొక్కరే.”

“ఎవరు?”

“రీవెర్ట్ కేటెల్సెన్ గారు. హూసుమ్ నుంచి.”

రెన్స్కె కళ్లు మూసుకుంది. ఆ ఇంట్లో అనకూడని పేరు ఒకటుందంటే అదే.

రీవెర్ట్ భాషల పండితుడు. కుర్రతనంలో దీవికి వచ్చి, హిల్కె తల్లి ఇంట్లోనే అద్దెకు దిగి, ఆమెతో పాటు రొయ్యలు ఒలుస్తూ ఆమె భాష నేర్చుకున్నాడు. హిల్కె సెలవులకు ఇంటికొచ్చేవాడు. ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు. చాలా ఏళ్ల తర్వాత, పోటుగీత కొత్తగా మొదలైన రోజుల్లో, రీవెర్ట్ ఒక వ్యాసం పంపాడు. అందులో హిల్కె తల్లి పేరు చెప్పి, ఈమెతో ఈ భాష ముగుస్తుంది అని రాశాడు. “మా అమ్మ బతికుండగానే సంతాపం రాస్తావా?” అని హిల్కె ఫోన్‌లో అరిచిన అరుపు రెన్స్కెకు ఇంకా గుర్తుంది. ఆ వ్యాసం అచ్చుకాలేదు. ఆ తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అయినా హిల్కె తన పత్రిక అందుకునేవాళ్లలోంచి రీవెర్ట్ పేరు తీసెయ్యలేదు. నెలనెలా అది హూసుమ్‌కు వెళుతూనే ఉంది, అక్కడ ఆయన చదువుతూనే ఉన్నాడు.

గంట మోగింది.

గుమ్మంలో నిలబడ్డ మనిషి పొడుగ్గా, కొంచెం వంగిపోయి ఉన్నాడు. టోపీ తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. నెత్తిమీద ఒక్క వెంట్రుక లేదు.

“లోపలికి రమ్మంటే వస్తాను,” అన్నాడు రీవెర్ట్. “ఆయన బయటికి పొమ్మంటే పోతాను. ఇంతకుముందు ఒకసారి పొమ్మన్నాడు, పోయాను. నాకు అలవాటే.”

రెన్స్కె ఆయన్ని ఎగాదిగా చూసింది. పొమ్మనడానికి నోరు తెరిచింది. ఆ నోటితోనే, “కాళ్లు తుడుచుకోండి,” అంది.

ముందుగదిలో హిల్కె తల తిప్పలేదు. ఈ మధ్య ఎవరు వచ్చినా తిప్పడం లేదు. వచ్చినవాళ్లు గట్టిగా, నెమ్మదిగా, పసివాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడతారు. ఆయన కాలవవైపు చూస్తూ ఉండిపోతాడు.

రీవెర్ట్ గది మధ్యలో ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. దీవిలో గుమ్మం దగ్గర ఒకరినొకరు పలకరించుకునే మాట అన్నాడు.

“గాలి ఎటేపునుంచి ఈస్తందిరా?”

హిల్కె వీపు నిటారుగా అయింది. ఆయన తిరగకుండానే, చాలా మెల్లగా జవాబిచ్చాడు.

“పడమటేపు. పడవ కట్టీసినావా?”

“కట్టీసినాను.”

అప్పుడు తిరిగాడు. బాగున్న చెయ్యి కుర్చీ చేతిమీద ఆనించి, ముందుకు వంగి, వచ్చినవాడి ముఖంలోకి చూశాడు. ఆ ముఖం వెనకాల ఉన్న ఇంకో ముఖాన్ని వెతుకుతున్నట్టు చూశాడు.

“ఒరే రీవెర్టూ! జుట్టేదిరా?”

రీవెర్ట్ చేతిలోని టోపీ కిందపడింది. “గాలికి పోనాదిరా,” అన్నాడు. “పడమటి గాలి కాదేటి.”

హిల్కె నవ్వాడు. ముఖంలో ఒక పక్కే కదిలింది గానీ నవ్వు మాత్రం పూర్తిగా వచ్చింది, కడుపులోంచి వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడ్డ రెన్స్కె తలుపు చట్రం పట్టుకుంది.

ఆ తర్వాత మాటలు ఆగలేదు. ఇన్నాళ్లూ కట్టకు అవతల నిలిచిపోయిన నీరు తూము ఎత్తితే వచ్చినట్టు వచ్చాయి. ఏటైపోనావురా ఇన్నాళ్లూ అని ఈయన, ఆ చెయ్యికేటైందిరా అని ఆయన. అమ్మ పోయింది తెలుసా అని హిల్కె అడిగాడు, తెలుసు అన్నాడు రీవెర్ట్. రెన్స్కెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆయన వాక్యాలు మొదలవుతున్నాయి, ముగుస్తున్నాయి. ఆయన చెయ్యి మాటతో పాటు ఊగుతోంది. అది ఆయన చెయ్యే, తరగతిలో కరకట్టలు గీసి చూపించిన చెయ్యే.

ఒక చోట రీవెర్ట్ గొంతు తగ్గించి ఏదో అన్నాడు. హిల్కె కనుబొమలు ముడిచి ఏదో అడిగాడు. రీవెర్ట్ మళ్లీ చెప్పాడు. హిల్కె తల అడ్డంగా ఊపాడు.

రీవెర్ట్ ఆడవాళ్లిద్దరి వైపు తిరిగాడు. ముఖంలో అయోమయం. “ఆ వ్యాసం సంగతి ఎత్తాను. క్షమించమందామని బస్సులో వచ్చేటప్పుడు మాటలు కూడబెట్టుకున్నాను. ‘ఏ వ్యాసం?’ అంటున్నాడు. మనం దెబ్బలాడుకున్నాం కదరా అంటే, ‘ఎప్పుడు?’ అంటున్నాడు.”

“మీరు దెబ్బలాడుకుంది ఏ భాషలో?” అంది అఫ్కె.

“డచ్‌లో. ఫోన్‌లో కదా...” రీవెర్ట్ ఆగిపోయాడు. తర్వాత పెద్దగా నిట్టూర్చాడు. “అయితే అదంతా కొట్టుకుపోయిందన్నమాట. నేను మాత్రం ఇన్నేళ్లూ మోశాను.”

“మీకు తగిన శాస్తే,” అంది రెన్స్కె. కానీ ఆమె గొంతులో విషం లేదు. కాఫీ కప్పు ఆయన చేతికిచ్చింది, పంచదార రొట్టె ముక్క కూడా పెట్టింది. పెట్టి, వెళ్లకుండా అక్కడే నిలబడింది. ఏప్రాన్ అంచు మెలితిప్పింది. అఫ్కె ఆమె వైపు చూసింది. అడగండి అన్నట్టు చూసింది.

“ఒకటి అడుగుతాను,” అంది రెన్స్కె. “ఉన్నదున్నట్టు చెప్పండి. నన్ను చూసి దాచొద్దు. ఆల్కె ఎవరు?”

“ఆల్కె?”

“రోజూ పొద్దున నా చెయ్యి పట్టుకుని పిలుస్తాడు. జావ తినేటప్పుడు.”

రీవెర్ట్ కప్పు కింద పెట్టాడు. ముఖం ఎర్రబడింది. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుంది రెన్స్కె. ఆయన నవ్వుతున్నాడు. నవ్వు ఆపుకోలేక జేబురుమాలు తీసి కళ్లు ఒత్తుకుంటున్నాడు.

“అమ్మా... ఆల్కె అంటే ఉప్పు.”

“ఉప్పా?”

“దీవివాళ్లు పడవమీద ఉప్పుని ఉప్పు అనరు. అంటే సముద్రానికి కోపమొస్తుందట. అందుకని ఆడపిల్ల పేరు పెట్టుకున్నారు. ఇళ్లలో కూడా అదే అలవాటైంది. ‘ఆల్కెని కొంచెం ఇలా పంపు’ అంటారు. మీ జావలో ఉప్పు లేదు తల్లీ. అంతే. పాపం రోజూ అడుగుతున్నాడు.”

“డాక్టరు వెయ్యొద్దన్నాడు!” అంది రెన్స్కె, తనమీద ఎవరో నేరం మోపినట్టు. “నేను చెయ్యి నిమిరేదాన్ని. ఆల్కె అన్నప్పుడల్లా ఏడుపు దిగమింగుకుని చెయ్యి నిమిరేదాన్ని. ఆయన ఇంకా గట్టిగా ఆల్కె అనేవాడు!”

అఫ్కె ముందు పకపకా నవ్వేసింది. ఆ నవ్వు చూసి రెన్స్కె కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. ఎవరు ఎందుకు నవ్వుతున్నారో తెలియక హిల్కె అందరివైపూ చూశాడు. రీవెర్ట్ ఆయనకు చెప్పాడు. హిల్కె ఎంతో గంభీరంగా తల ఊపాడు, ఇప్పటికైనా అర్థమైంది కదా అన్నట్టు.

రెన్స్కె వంటింట్లోకి వెళ్లి పొద్దుటి జావ వేడిచేసింది. డాక్టరుకి నేను చెప్పుకుంటాలే అని గొణుక్కుంటూ రెండు వేళ్ల మధ్య పట్టినంత ఉప్పు వేసింది. ఆలోచించి, దానిలో సగం మళ్లీ వేసింది. తెచ్చి ఆయన ముందు కూర్చుని చెంచా నోటికందించింది. ఆయన మింగాడు. కళ్లు మూసుకున్నాడు. “ఆ...” అన్నాడు. ఆ మాటకు ఏ భాషా అక్కర్లేదు.

గిన్నె ఖాళీ అయింది. రెన్స్కె ఆయన మూతి తుడిచి, గిన్నె తీసుకుని లేవబోయింది. హిల్కె ఆమె వైపు చూస్తూనే ఉన్నాడు. చూస్తూ చూస్తూ, రీవెర్ట్ వైపు కాస్త వంగి, రహస్యం అడిగినట్టు అడిగాడు.

రీవెర్ట్ ముఖంలో నవ్వు ఆరిపోయింది.

“ఏమన్నాడు?” అంది రెన్స్కె.

“ఏం లేదు. జావ బాగుందంటున్నాడు.”

“జావ బాగుందంటే మీ ముఖం అలా అవ్వదు. చెప్పండి.”

“రెన్స్కె గారూ...”

“ఆల్కెనే తట్టుకున్నాను. చెప్పండి.”

రీవెర్ట్ కిటికీవైపు చూశాడు, నేలవైపు చూశాడు. చివరికి ఆమె కళ్లలోకి చూసి, ఒక్కో మాట కూర్చుకుంటూ చెప్పాడు. “ఈ మనిషి ఎవరురా అని అడిగాడు. ‘నేను కళ్లు తెరిచిన దగ్గర్నుంచీ నాకన్నీ చేస్తోంది. చాలా మంచిది. ఈవిడ పేరేంటో నాకు తెలీదు. అడగడానికి మాట లేదు. నువ్వు కనుక్కో’ అంటున్నాడు.”

వాళ్లు కలుసుకున్నదీ, పెళ్లాడిందీ, పోట్లాడుకుందీ, రాజీపడిందీ అంతా ఫ్రీజియన్‌లోనే. రెన్స్కెకు దీవి భాషలో ఒక్క మాట రాదు. అత్తగారితో కూడా ఫ్రీజియన్‌లోనే మాట్లాడేది. ఇందాక వ్యాసం సంగతికి ‘తగిన శాస్తే’ అన్న మాట ఇప్పుడు ఆమె గుండెకు గుచ్చుకుంది.

“నేను చెప్తాను,” అన్నాడు రీవెర్ట్ కంగారుగా. “ఈవిడ నీ భార్యరా, మీకు ఇంతకాలమైంది పెళ్లయి, అని అంతా వివరంగా...”

“వద్దు.” రెన్స్కె గిన్నెను కిటికీ అంచున పెట్టింది. “పేరు అడిగాడు. పేరు చెప్దాం. నా పేరు రెన్స్కె అని మీ భాషలో ఎలా అనాలో నాకు నేర్పండి.”

రీవెర్ట్ చెప్పాడు. ఆమె పలికింది. మధ్యలో ఒక అక్షరం గొంతు లోపలినుంచి రావాలి, రాలేదు. మళ్లీ పలికింది. అఫ్కె కూడా పెదవులు కదుపుతోంది. మూడోసారికి వచ్చింది. రెన్స్కె కుర్చీని హిల్కె మోకాళ్లకు తగిలేంత దగ్గరకు జరుపుకుని, జుట్టు చెవి వెనక్కి తోసుకుని, ఆ వాక్యాన్ని ఆయనకు చెప్పింది.

హిల్కె ముఖం వెలిగింది. ఆ గదిలో ఎవరో కొత్తగా మాట నేర్చింది తనకోసమేనని ఆయనకు తెలిసింది. “రెన్స్కె,” అన్నాడు, నాలుక మీద రుచి చూస్తున్నట్టు. “రెన్స్కె.”

ఆమె తల ఊపింది.

ఆయన బాగున్న చేత్తో చొక్కా కాలరు సర్దుకున్నాడు. జుట్టు అణచుకున్నాడు. కొంచెం సిగ్గుపడుతూ, నేరుగా ఆమెనే చూస్తూ, ఇంకో మాట అడిగాడు.

రెన్స్కె రీవెర్ట్ వైపు తిరిగింది. ఆ ముసలాయన కళ్లు తడిసి ఉన్నాయి, పెదాలమీద మాత్రం నవ్వుంది.

“మీకు పెళ్లయిందా అని అడుగుతున్నాడు.”

రెన్స్కె మెల్లగా, ఎంతో మర్యాదగా, ఇద్దరికీ తలుపు చూపించింది.

“మీరిద్దరూ బయట కూర్చోండి,” అంది. “దీనికి జవాబు నేను చెప్పుకుంటాను.”

“భాష...” అన్నాడు రీవెర్ట్.

“మొదటిసారి అడిగినప్పుడు కూడా ఆయనకి సగం మాటలే వచ్చాయి లెండి. సర్దుకున్నాం.”

వాళ్లు బయటికొచ్చారు. వెనక తలుపు మూసుకుంది. అఫ్కె మెట్టుమీద కూర్చుని, “ఆవిడకి ఆ భాషలో ఒక్క వాక్యమే కదండీ వచ్చు?” అంది.

రీవెర్ట్ పెదవులమీద వేలు పెట్టుకుని, తలుపుకు చెవి ఆనించాడు.